రెండు చేతులు చాలునన్న ఇంజనీరు

ఇంజనీరింగు తప్ప మరో చదువు చదవని మనిషికి ఒక విశ్వవిద్యాలయం ఎం.డి. పట్టా ఇచ్చిందంటే నమ్ముతారా? ఇచ్చింది. అమెరికాలో బాల్టిమోర్ నగరంలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం 1969లో విలియం బెనెట్ కౌవెన్‌హోవెన్ అనే ఎనభై మూడేళ్ళ రిటైరైన ఇంజనీరింగు ప్రొఫెసరును పిలిచి గౌరవ ఎం.డి. డిగ్రీతో సత్కరించింది. ఆయన స్టెతస్కోపు పట్టినవారు కాదు. ఆపరేషన్ కత్తి పట్టినవారు అంతకన్నా కాదు. వోల్టు, ఆంపియరు, ఓము - ఇవే ఆయనకు వచ్చిన భాష. అయినా ఈనాడు ప్రపంచంలో ఏ మూల ఏ మనిషి గుండె హఠాత్తుగా ఆగిపోయినా, పక్కనున్నవాళ్ళు చెయ్యాల్సిన మొదటి పని ఆయనా, ఆయన శిష్యుడూ, ఒక కుర్ర సర్జనూ కలిసి లోకానికి నేర్పిందే.

సావనీర్లలో మహాకవుల గురించీ, దేశనాయకుల గురించీ, నోబెల్ బహుమతి పొందిన శాస్త్రజ్ఞుల గురించీ వ్యాసాలు వస్తూనే వుంటాయి. రావాలి కూడా. ఈసారి నేను ఈ ఇంజనీరును ఎంచుకోటానికి నాకొక కారణం వుంది. అది మధ్యలో మనవి చేస్తాను. ముందు ఆయన కథ.

కౌవెన్‌హోవెన్ 1886 జనవరి 13న న్యూయార్కు పక్కనే వున్న బ్రూక్లిన్‌లో పుట్టారు. ఎడిసన్ న్యూయార్కులో కరెంటు స్టేషను పెట్టి దీపాలు వెలిగించి అప్పటికి నాలుగేళ్ళే అయింది. అంటే ఆయనా, కరెంటూ ఇంచుమించు కలిసి పెరిగారన్నమాట. బ్రూక్లిన్ పాలిటెక్నిక్‌లో చదివారు. తర్వాత జర్మనీ వెళ్ళి కార్ల్స్‌రూహె సాంకేతిక విద్యాలయంలో 1913లో డాక్టరేటు తీసుకున్నారు. తిరిగొచ్చి 1914లో జాన్స్ హాప్కిన్స్‌లో మాస్టారుగా చేరారు. ఇక ఆ విశ్వవిద్యాలయాన్ని ఆయన వదలలేదు. 1938లో అక్కడి ఇంజనీరింగు స్కూలుకు డీన్ అయి, 1954లో రిటైరయ్యేదాకా ఆ పదవిలోనే వున్నారు. ఇంతవరకు చెప్పింది ఏ పెద్ద ప్రొఫెసరు జీవితమైనా కావచ్చు. అసలు కథ లైన్‌మెన్ చావులతో మొదలైంది.

1920లలో అమెరికాలో వూరూరా కరెంటు తీగలు లాగుతున్నారు. ఆ తీగలతోపాటే షాక్ కొట్టి చనిపోయే లైన్‌మెన్ సంఖ్యా పెరిగింది. స్తంభం మీద పనిచేస్తున్న బలమైన యువకుడు ఒక్క క్షణంలో వేలాడిపోయేవాడు. దించి చూస్తే వంటి మీద చిన్న కాలిన మచ్చ తప్ప గాయముండేది కాదు. మరి చావు ఎక్కణ్ణించి వచ్చినట్టు? ఈ ప్రశ్న కరెంటు కంపెనీలను పట్టుకుంది. పరిశోధనకు డబ్బు వాళ్ళే ఇచ్చారు. 1928లో హాప్కిన్స్‌లో ఆ పని మొదలైంది. నరాల డాక్టరు ఆర్థెల్లో లాంగ్‌వర్తీ, శరీరధర్మ శాస్త్రజ్ఞుడు డొనాల్డ్ హుకర్, ఇంజనీరు కౌవెన్‌హోవెన్ - ముగ్గురు మూడు శాఖలవాళ్ళు ఒక బల్ల చుట్టూ చేరారు. నేటి విశ్వవిద్యాలయాల్లో కూడా ఇంజనీరింగు కాలేజీవాళ్ళూ, మెడికల్ కాలేజీవాళ్ళూ క్రికెట్ మ్యాచిలో తప్ప కలవటం అరుదు. వందేళ్ళ కిందట అది ఇంకెంత వింతో ఆలోచించండి.

వాళ్ళు తేల్చిన విషయం అర్థం కావాలంటే గుండె పని కొంచెం తెలియాలి. గుండె కండరంలో లెక్కలేనన్ని పోగులున్నాయి. అవన్నీ ఒకే లయలో ముడుచుకుంటేనే రక్తం ముందుకు పోతుంది. తీర్థంలో రథం లాగటం చూశారుగదా! మోకు పట్టుకున్న వందమందీ ఒక్క కేకకి ఒక్కసారి లాగితే అంత పెద్ద రథమూ కదులుతుంది. ఎవరిష్టమొచ్చినట్టు వాళ్ళు లాగితే మోకు అటూ ఇటూ కొట్టుకుంటుందేగాని రథం అంగుళం జరగదు. గుండెలో కూడా అలాంటి గందరగోళం పుట్టవచ్చు. పోగులన్నీ వేటికవే గిలగిలలాడతాయి. గుండె కదులుతున్నట్టే వుంటుంది, రక్తం మాత్రం నడవదు. దీన్నే డాక్టర్లు ఫిబ్రిలేషన్ అంటారు. ఇళ్ళలో వాడే ఆల్టర్నేటింగ్ కరెంటు ఛాతీ గుండా ఆంపియరులో పదోవంతు పోయినా ఈ గందరగోళం పుట్టించగలదు. పాతకాలపు ఇరవై అయిదు వాట్ల బల్బు తీసుకునే కరెంటు అంతే! మనిషిని చంపటానికి హైటెన్షన్ లైను అక్కర్లేదని ఈ లెక్కతోనే తెలుస్తోంది.

తమాషా ఏమిటంటే, విషానికి విరుగుడు విషమే అన్నట్టు, కరెంటు చేసిన చెరుపును కరెంటే సరిచెయ్యగలదు. ఇంకా గట్టి షాక్ ఒకటి క్షణంపాటు ఇస్తే గిలగిలలాడే పోగులన్నీ ఒక్కసారిగా నిలిచిపోతాయి. ఆ నిశ్శబ్దంలో గుండెకు స్వతహాగా తాళం వేసే చిన్న కణుపు మళ్ళీ లయ అందుకుంటుంది. ఈ సంగతి 1899లోనే స్విట్జర్లాండులోని జెనీవాలో ప్రెవో, బాటెలీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కుక్కల మీద గమనించి ప్రకటించారు. కాని దాని విలువ అప్పుడెవరికీ తట్టలేదు. ముప్పై ఏళ్ళపాటు అది పుస్తకాల బీరువాలో పడి వుంది. హాప్కిన్స్ బృందం దాన్ని దుమ్ము దులిపి బయటికి తీసింది. 1933 నాటికి, ఛాతీ కొయ్యకుండానే బయటి నుంచి షాక్ ఇచ్చి కుక్క గుండెను మళ్ళీ దారిలో పెట్టవచ్చని వాళ్ళు చూపించారు. ఈ పనిలో ఎన్నో మూగజీవాలు ప్రాణాలు పోగొట్టుకున్నాయి. ఆ మాట దాచి ఈ కథ చెప్పటం న్యాయం కాదు.

ఆ తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. పరిశోధన వెనకబడింది. ఈలోగా మిగతావాళ్ళు వూరికే కూర్చోలేదు. 1947లో క్లీవ్‌లాండ్‌లో క్లాడ్ బెక్ అనే సర్జన్, ఆపరేషన్ బల్ల మీద గుండె ఆగిపోయిన పద్నాలుగేళ్ళ కుర్రాడి ఛాతీ తెరిచి, గుండెను చేత్తో పిసికి, నేరుగా గుండె మీదే షాక్ ఇచ్చి బతికించాడు. మనుషుల్లో అది మొదటి విజయం. 1956లో బాస్టన్‌లో పాల్ జోల్ అనే డాక్టరు ఛాతీ తెరవకుండానే మనిషికి షాక్ ఇచ్చి నెగ్గాడు. కౌవెన్‌హోవెన్ కూడా 1957 నాటికి తన యంత్రాన్ని తయారుచేశారు. అది చక్రాల బల్ల మీద పెట్టి నెట్టుకెళ్ళాల్సినంత బరువు!

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. డీన్ పదవి నుంచి రిటైరయినప్పుడు ఆయనకు అరవై ఎనిమిదేళ్ళు. మన దగ్గరైతే సన్మాన సభ, శాలువా, ఒక వెండి జ్ఞాపిక, ఆపైన మనవలతో కాలక్షేపం. ఆయన మాత్రం తన పరికరాలు సర్దుకుని సర్జరీ విభాగానికి మారారు. అక్కడి సర్జరీ పెద్ద ఆల్ఫ్రెడ్ బ్లేలాక్ ఆయనకు చోటిచ్చాడు. నీలిబిడ్డల ఆపరేషన్‌తో ప్రపంచానికి తెలిసిన బ్లేలాక్ ఆయనే. కౌవెన్‌హోవెన్ పేరు చరిత్రలో నిలబెట్టిన పని అంతా ఆ తర్వాత జరిగిందే.

అప్పటి చిక్కు ఏమిటంటే, యంత్రం వుంది, కాని టైము లేదు. గుండె ఆగితే నాలుగైదు నిమిషాల్లో మెదడు దెబ్బతినటం మొదలవుతుంది. ఆలోగా ఆ బరువైన యంత్రం ఎక్కడున్నా రోగి దగ్గరికి రావాలి. రాకపోతే సర్జన్ ఛాతీ కోసి గుండెను చేత్తో పిసకటం ఒక్కటే దారి. అది ఆపరేషన్ థియేటరులో కుదురుతుందిగాని వీధిలో ఎలా కుదురుతుంది?

1958లో గై నికర్‌బాకర్ అనే కుర్రాడు ఆయన దగ్గర పరిశోధన చేస్తుండేవాడు. అతనూ ఎలక్ట్రికల్ ఇంజనీరే. ఒకనాడు ప్రయోగంలో కుక్క ఛాతీ మీద షాక్ ఇచ్చే బరువైన పలకలు అదిమి పెట్టాడు. ఇంకా కరెంటు ఇవ్వలేదు. అయినా కుక్క తొడలోని రక్తనాళంలో ఒత్తిడి కొలిచే ముల్లు కొంచెం పైకి లేచింది. మరొకరైతే పరికరం సరిగా లేదనుకుని ముందుకు పోయేవాళ్ళే. నికర్‌బాకర్ ఆగి, మళ్ళీ నొక్కి చూశాడు. మళ్ళీ లేచింది. గుండె పనిచెయ్యటం లేదు. మరి ఒత్తిడి ఎలా పుట్టింది? బయటి నుంచి ఛాతీ నొక్కితే లోపల రక్తం కదులుతోందన్నమాట! ఆ సంగతి గురువుకు చెప్పాడు. డెబ్భై రెండేళ్ళ ఆ గురువు శిష్యుడి మాట కొట్టిపారెయ్యలేదు. చూద్దామన్నారు. శాస్త్ర చరిత్రలో పెద్ద మలుపులు ఎన్నో చూద్దామన్న ఈ చిన్న మాట దగ్గరే తిరిగాయి.

ఆ మాట నిజమో కాదో తేల్చిన పరీక్ష అనుకోకుండా వచ్చింది. ఒక కుక్క గుండె ప్రయోగం మధ్యలో గిలగిలలాట్టం మొదలుపెట్టింది. షాక్ యంత్రం చూస్తే మరో అంతస్తులో వుంది. ఆ ఆస్పత్రి లిఫ్టులు మహా నెమ్మది. యంత్రం వచ్చేసరికి కుక్క ప్రాణం దక్కదని అందరికీ తెలుసు. ఆ యంత్రం వచ్చేదాకా ఛాతీ నొక్కుతూనే వుండిపోయారు. దాదాపు ఇరవై నిమిషాలు గడిచాయి. తర్వాత షాక్ ఇస్తే గుండె లయ అందుకుంది, కుక్క బతికింది. అయిదు నిమిషాల గడువును రెండు చేతులు ఇరవై నిమిషాలకు పొడిగించాయి.

అప్పుడు జేమ్స్ జ్యూడ్ అనే యువ సర్జన్ వాళ్ళతో కలిశాడు. ఎక్కడ నొక్కాలి, ఎంత లోతు నొక్కాలి, నిమిషానికి ఎన్నిసార్లు నొక్కాలి - ఒక్కొక్కటే మార్చి మార్చి చూశారు. రొమ్ము ఎముక కింది సగం మీద, ఒక అరచేతి మడమ పెట్టి, దానిమీద రెండో చెయ్యి వేసి, వెన్నెముక వైపు నిట్టనిలువుగా నొక్కటం మంచిదని తేలింది. 1959 జులైలో ముప్పై అయిదేళ్ళ స్త్రీకి పిత్తాశయం ఆపరేషన్ కోసం మత్తు ఇస్తుండగా గుండె ఆగింది. జ్యూడ్ కత్తి కోసం చూడలేదు, ఛాతీ నొక్కాడు. నాడి తిరిగి వచ్చింది. ఆ తర్వాత అనుకున్న ఆపరేషన్ కూడా చేశారు. ఆమె పూర్తిగా కోలుకుంది.

1960 జులై 9న అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఆ ముగ్గురి పేర్లతో వ్యాసం వచ్చింది. కౌవెన్‌హోవెన్, జ్యూడ్, నికర్‌బాకర్ - ఇద్దరు ఇంజనీర్లు, ఒక డాక్టరు. రెండు నెలల పసిబిడ్డ నుంచి ఎనభై ఏళ్ళ వృద్ధుల దాకా ఇరవైమంది రోగులు. నొక్కిన సమయం ఒక నిమిషంలోపు నుంచి అరవై అయిదు నిమిషాల దాకా. వాళ్ళలో పద్నాలుగుమంది బతికారు. వ్యాసం సారాంశం ఒక్కటే: ఈ పని ఎవరైనా, ఎక్కడైనా మొదలుపెట్టవచ్చు, కావలసింది రెండు చేతులే. వైద్యం ఆస్పత్రి గోడ దాటి వీధిలోకి వచ్చిన రోజది.

నిజానికి ఛాతీ నొక్కటం బొత్తిగా కొత్త కాదు. జర్మనీలో మాస్ అనే సర్జన్ 1890లలోనే ఈ పని చేశాడు. అమెరికాలో జార్జి క్రైల్ 1903లో చేశాడు. కాని నొక్కి నిలబెట్టిన గుండెను మళ్ళీ లయలో పెట్టే షాక్ యంత్రం వాళ్ళ కాలంలో లేదు. అందుచేత ఆ పద్ధతి మరుగున పడింది. కౌవెన్‌హోవెన్ గొప్పతనమంతా ఇక్కడే వుంది. చేతులు టైము తెస్తాయి, ఆ టైములో యంత్రం గుండెను తెస్తుంది. ఈ రెండింటినీ కలిపింది ఆయన బృందం.

మూడో ముడి వూపిరి. అదే బాల్టిమోర్‌లో ఆస్ట్రియా నుంచి వచ్చిన పీటర్ సఫార్ అనే మత్తు డాక్టరు, నోటితో నోట్లోకి గాలి వూదటం మిగతా పద్ధతులన్నిటికన్నా మేలని అప్పటికే రుజువు చేసి వున్నాడు. 1960లోనే ఈ రెండు విద్యలూ కలిశాయి. ఈనాడు మనం సి.పి.ఆర్. అనేది ఆ కలయికే. బాల్టిమోర్ ఫైర్ డిపార్టుమెంటు అంబులెన్సు సిబ్బందికి దీన్ని నేర్పారు. నార్వేలో లేర్దాల్ అనే బొమ్మల వ్యాపారి అభ్యాసం కోసం మనిషంత బొమ్మను తయారుచేశాడు. 1966 నాటికి అమెరికా జాతీయ స్థాయిలో దీనికి నియమాలు ఏర్పడ్డాయి.

ఇప్పుడు నా కారణం చెబుతాను. కొన్నేళ్ళ కిందట, వానాకాలంలో, మా వూళ్ళో పొలం మోటారు స్టార్టరు డబ్బా ముట్టుకుని ఒక రైతు పడిపోయాడు. నాకు వరసకు బాబాయి. నేనప్పుడు హాస్టల్లో వున్నాను. తర్వాత మా పిన్ని ఏడుస్తూ చెబితే విన్నాను. ఎవరో ఫ్యూజు పీకారు. మొహాన నీళ్ళు చల్లారు. అరికాళ్ళు రుద్దారు. ఉల్లిపాయ వాసన చూపించారు. ఒకాయన పరిగెత్తుకెళ్ళి తాళంచెవుల గుత్తి తెచ్చి చేతిలో పెట్టాడట. ట్రాక్టరు వచ్చేసరికి అరగంట. టౌను ఆస్పత్రి చేరేసరికి మరో అరగంట. ఎవర్నీ తప్పుపట్టటానికి లేదు. అందరూ ప్రేమకొద్దీ చేసినవాళ్ళే, తెలిసినంత చేసినవాళ్ళే. కాని ఆ గట్టు మీద ఇరవైమంది వుంటే నలభై చేతులున్నాయి. ఏం చెయ్యాలో తెలిసిన చేతులు రెండు లేవు.

పోనీ చదువుకున్నవాళ్ళ దగ్గర పరిస్థితి మెరుగా అంటే అదీ లేదు. షాక్ తగిలినవాడికి చెయ్యాల్సిన చికిత్స చార్టును సబ్‌స్టేషన్లలో, ఫ్యాక్టరీల్లో అందరికీ కనిపించేలా గోడకు తగిలించాలని 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్సులోనే వుంది. నేను చూసిన ఒక లాబరేటరీలో అలాంటి చార్టు అద్దం కట్టించి మరీ వుంది. అందులో రోగిని బోర్లా పడుకోబెట్టి వీపు నొక్కే బొమ్మ వేసి వుంది! అది వూపిరి ఆడించటానికి పనికొచ్చిన పాత పద్ధతి. ఆగిన గుండెకు దానివల్ల ఏమీ ఒరగదు. ఆ బొమ్మ వేసినవాళ్ళకు కౌవెన్‌హోవెన్ పేరు చేరలేదని అనుకోవాలి.

అందుకని, ఆయన నేర్పిన పాఠం ఈనాటి లెక్కలతో రెండు ముక్కల్లో ఇక్కడే చెప్పేస్తాను. ముందు ఒక తేడా. గుండెపోటు వేరు, గుండె ఆగిపోవటం వేరు. గుండెపోటులో రక్తనాళం పూడుకుపోయి నొప్పి వస్తుంది, మనిషి చాలాసార్లు మాట్లాడుతూనే వుంటాడు. గుండె ఆగినవాడు పిలిస్తే పలకడు, వూపిరి తియ్యడు, లేదా చేపలా అప్పుడొకటీ అప్పుడొకటీ ఎగపీలుస్తాడు. ఆ ఎగపీల్పు చూసి బతికే వున్నాడని వదిలెయ్యకూడదు. కరెంటు షాకైతే ముందు మెయిన్ ఆపాలి. ఆపకుండా ముట్టుకుంటే రెండో శవం మనదే. తర్వాత ఒకర్ని 108కి ఫోను చెయ్యమని పురమాయించి, గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మధ్య, మోచేతులు వంచకుండా, నిమిషానికి వంద నుంచి నూట ఇరవై సార్లు, రెండంగుళాల లోతున నొక్కాలి. 1960లో ఆయన బృందం నిమిషానికి అరవై సార్లు చాలన్నది. తర్వాతి పరిశోధనలు వేగం పెంచాయి. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. అలసిపోతే ఇంకొకరు అందుకోవాలి, మధ్యలో ఆపకూడదు. నోట్లోకి వూదటం రాకపోయినా, ఇష్టం లేకపోయినా, పెద్దవాళ్ళ విషయంలో నొక్కటం ఒక్కటైనా చెయ్యమని మన దేశపు మత్తు డాక్టర్ల మార్గదర్శకాలే సామాన్యులకు చెబుతున్నాయి. ఒకటి రెండు పక్కటెముకలు విరగవచ్చు. విరిగిన ఎముక అతుక్కుంటుంది, పోయిన ప్రాణం రాదు.

సినిమాల్లోలాగా నాలుగుసార్లు నొక్కగానే హీరో లేచి కూర్చుంటాడని మాత్రం అనుకోకండి. ఆనాటి ఇరవైమందిలో పద్నాలుగుమంది బతికారంటే వాళ్ళందరూ ఆస్పత్రిలో, డాక్టర్ల కళ్ళెదుట పడిపోయినవాళ్ళు. ఆస్పత్రి బయట గుండె ఆగినవాళ్ళలో బతికి ఇంటికెళ్ళేవాళ్ళు అన్ని సౌకర్యాలున్న అమెరికాలోనే సుమారు నూటికి పదిమంది. ఏమీ చెయ్యకుండా పోయే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం నూటికి ఏడు నుంచి పది వంతులు తగ్గిపోతుంది. బతికినవాళ్ళకు కూడా ఆస్పత్రిలో వెంటిలేటరు, పూడుకున్న రక్తనాళం తెరవటం, మెదడు కోసం జ్వరం రాకుండా కాపాడటం - ఇలా చాలా వైద్యం మిగిలే వుంటుంది. కాని ఆ వైద్యమంతా మొదటి అయిదు నిమిషాలు దాటి వచ్చినవాడికే. అమెరికా జూదశాలల్లో సెక్యూరిటీ గార్డులకు ఈ విద్య నేర్పి, షాక్ యంత్రం చేతికిచ్చి చేసిన పరిశీలన 2000లో వచ్చింది. పడిపోయిన మూడు నిమిషాల్లోపు షాక్ అందినవాళ్ళలో నూటికి డెబ్భై నలుగురు బతికారు! అక్కడ ప్రాణం పోసినవాళ్ళు డాక్టర్లు కారు, గేటు దగ్గర నిలబడేవాళ్ళు.

మన దగ్గర కూడా కదలిక లేకపోలేదు. 2005 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో 108 అంబులెన్సులు మొదలయ్యాయి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు ఆరాంఘర్ చౌరస్తా దగ్గర కుప్పకూలిన ఒక వ్యక్తికి డ్యూటీలో వున్న ట్రాఫిక్ కానిస్టేబులు ఛాతీ నొక్కి ప్రాణం నిలబెట్టటం జనమంతా వీడియోలో చూశారు. ఆ కానిస్టేబులుకు కౌవెన్‌హోవెన్ పేరు తెలిసి వుండకపోవచ్చు. తెలియకపోయినా ఫరవాలేదు. ఆ చేతుల్లో వున్నది ఆయన విద్యే.

కౌవెన్‌హోవెన్ చివరిదాకా పని మానలేదు. 1961లో అమెరికా ఎలక్ట్రికల్ ఇంజనీర్ల అత్యున్నత పురస్కారమైన ఎడిసన్ పతకం అందుకున్నారు. 1973లో వైద్య పరిశోధనకిచ్చే లాస్కర్ బహుమతిని పాల్ జోల్‌తోపాటు స్వీకరించారు. ఇంజనీర్ల పతకమూ, డాక్టర్ల బహుమతీ ఒకే మనిషి ఇంటికి వచ్చాయి. 1975 నవంబరు 10న ఎనభై తొమ్మిదో ఏట కన్నుమూశారు.

ఆయన జీవితం చదువుతుంటే నాకు బాగా పట్టుకున్నవి రెండు. ఒకటి, లైన్‌మన్ ఎందుకు చనిపోతున్నాడన్న ఒక్క ప్రశ్నను పట్టుకుని ఆయన ముప్పై ఏళ్ళు వదలకపోవటం. రెండు, ముల్లు కదిలిందని చెప్పిన స్టూడెంటు మాటను ఆయన వినటం. డీన్ చేసి రిటైరైన పెద్దమనిషి ఆనాడు వినకపోయివుంటే ఈ విద్య ఇంకెన్నాళ్ళు ఆగేదో చెప్పలేం.

మిత్రులారా, మన కాలేజీలో ఏటా ఫ్రెషర్స్ డేకీ, యాన్యువల్ డేకీ, షామియానాకీ, మైకు సెట్టుకీ యూనియన్ నిధుల్లోంచి ఖర్చు చేస్తూనే వున్నాం. చెయ్యొద్దనటంలేదు. వచ్చే ఏడాది ఒక్క మధ్యాహ్నం మాత్రం ఈ విద్యకు కేటాయించమని కొత్త కార్యవర్గానికి నా విన్నపం. మెడికల్ కాలేజీ నుంచి ఇద్దరు డాక్టర్లు, అభ్యాసానికి నాలుగు బొమ్మలు, ఒక హాలు - ఇంతకన్నా అక్కర్లేదు. ఫస్టియర్ నుంచి ఫైనలియర్ దాకా, హాస్టలు వంటవాళ్ళూ, వాచ్‌మెన్, బస్సు డ్రైవర్లూ అందరూ రావాలి. సెలవులకి వూరెళ్ళినప్పుడు మనలో ఒక్కొక్కరు పదిమందికి నేర్పినా, ఈసారి ఏ పొలం గట్టు మీద ఎవరు పడిపోయినా తెలిసిన చేతులు రెండు అక్కడుంటాయి.